డఫ్ కెరీర్‌కు చెల్సీయే శిఖరమా?

ఐర్లాండ్ ఫుట్‌బాల్ ఆటగాడు డేమియన్ డఫ్ కథను అందరూ ఒకే వరుసలో చెబుతారు. ఇంగ్లండ్ క్లబ్ బ్లాక్‌బర్న్‌లో పెరిగాడు, చెల్సీలో వెలిగాడు, న్యూకాసిల్‌లో ఆరిపోయాడు, ఆ తర్వాత ఏదో అలా ఆడుకుంటూ పోయాడు. ఐర్లాండ్ నుంచి వచ్చిన గొప్ప వింగర్లలో (మైదానం అంచుల వెంట దాడి చేసే ఆటగాళ్లలో) ఒకడి క్లబ్ కెరీర్‌ను ఇలా తేల్చేయడం నాకు మింగుడుపడదు. అందరూ దాటేసే ఆ చివరి భాగంలోనే ఫుల్హమ్‌లో గడిపిన ఐదు సీజన్లు ఉన్నాయి. ఆ క్లబ్‌కు లీగ్‌లో అతను ఆడిన మ్యాచ్‌లు 130. చెల్సీకి ఆడినవి 81.

ఎక్కువ ఆడిన ఫుల్హమ్‌ను వదిలేసి చెల్సీనే గుర్తుపెట్టుకోవడానికి కారణం డబ్బే. 2003లో చెల్సీ అతని కోసం 1.7 కోట్ల పౌండ్లు పెట్టింది. రష్యా కోటీశ్వరుడు అబ్రమోవిచ్ క్లబ్‌ను కొన్న తొలి వేసవి అది. అప్పటివరకు ఒక ఆటగాడి మీద చెల్సీ అంత డబ్బు ఎప్పుడూ కుమ్మరించలేదు. మూడేళ్లు తిరిగేసరికి న్యూకాసిల్‌కు 50 లక్షల పౌండ్లకే ఇచ్చేసింది. ధర పడింది కాబట్టి ఆట కూడా పడిపోయిందని జనం అనుకున్నారు. కానీ వింగర్‌ను కొనేటప్పుడు క్లబ్బులు ఎక్కువగా చూసేది కాళ్లలోని వేగాన్ని. అది ముప్పైకి ముందే తగ్గడం మొదలవుతుంది. ఆట మీద అవగాహన మాత్రం పెరుగుతూ పోతుంది. దానికి మార్కెట్‌లో రేటు కట్టేవాడు తక్కువ.

డబ్లిన్ కుర్రాడు డఫ్ బ్లాక్‌బర్న్‌కు వెళ్లేనాటికి ఆ క్లబ్ ఇంగ్లండ్ చాంపియన్ హోదాను ఇంకా మరిచిపోలేదు. 1997 మేలో తొలి మ్యాచ్ ఆడాడు. ఆ వెంటనే మేనేజర్‌గా వచ్చిన రాయ్ హాడ్జ్‌సన్ పద్దెనిమిదేళ్ల కుర్రాడికి వరసగా అవకాశాలిచ్చాడు. ఈ పేరు గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది. 1999లో జట్టు కింది డివిజన్‌కు పడిపోయింది. డఫ్ జట్టును వదల్లేదు. 2001లో గ్రేమ్ సౌనెస్ హయాంలో తిరిగి పైకి వచ్చారు. మరుసటి ఏడాదే కార్డిఫ్‌లో టోటెన్‌హామ్‌ను 2-1తో ఓడించి లీగ్ కప్ ఎత్తారు. ఎడమ వైపు డఫ్, కుడి వైపు కీత్ గిలెస్పీ. టచ్‌లైన్‌ను, అంటే మైదానం పక్క గీతను, పట్టుకుని పరిగెత్తడం, బంతిని పెనాల్టీ బాక్స్‌లోకి పంపడం. అప్పట్లో ఇంగ్లండ్‌లో వింగర్ పని ఇంతే. డిఫెండర్‌కు ఎదురెళ్లి, భుజం ఒకవైపు వంచి, ఎడమ కాలితో అవతలి వైపు జారుకునే డఫ్‌ను 2002 ప్రపంచ కప్‌లో లోకమంతా చూసింది. అక్కడి నుంచే చెల్సీ ఆ ధర దాకా వచ్చింది.

చెల్సీలో అతను విఫలమయ్యాడని చెప్పేవాళ్లు కూడా ఉన్నారు. అది శుద్ధ అన్యాయం. రనియేరి మేనేజర్‌గా ఉన్న తొలి సీజన్ భుజం గాయంతో సగం పోయింది. 2004లో మేనేజర్‌గా మౌరీన్యో వచ్చాడు, అతనితో పాటు వింగర్ ఆర్యెన్ రాబెన్ వచ్చాడు. డఫ్, రాబెన్ ఇద్దరూ ఎడమ కాలివాళ్లే. ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవనుకున్నారు. మౌరీన్యో మాత్రం ఇద్దరినీ దించాడు. ఒకరిని ఎడమకు, ఒకరిని కుడికి పంపి మ్యాచ్ మధ్యలో వైపులు మార్పించేవాడు. ఆ ఏడాది చెల్సీ 95 పాయింట్లతో లీగ్ గెలిచింది, మొత్తం సీజన్‌లో ప్రత్యర్థులకు ఇచ్చింది 15 గోల్సే. ఆ పదిహేను వెనక టెర్రీ, చెక్, మెకలెలే పేర్లు చెబుతారు. బంతి పోయిన మరుక్షణం తన వెనక అంచున కాపలా కాసే ఫుల్‌బ్యాక్ దగ్గరికి పరిగెత్తుకొచ్చే డఫ్ పేరు ఎవరూ తీయరు.

2005 జనవరిలో మాంచెస్టర్ యునైటెడ్‌తో వాళ్ల మైదానం ఓల్డ్ ట్రఫోర్డ్‌లో జరిగిన లీగ్ కప్ సెమీఫైనల్ రెండో అంచెను తీసుకోండి. స్కోరు 1-1, ఇంకో ఐదు నిమిషాల ఆట ఉంది. కుడి టచ్‌లైన్ దగ్గర, గోల్‌కు చాలా దూరంలో చెల్సీకి ఫ్రీకిక్ వచ్చింది. డఫ్ ఎడమ కాలితో బంతిని బాక్స్‌లోకి తిప్పి వదిలాడు. అది గోల్ కోసం కొట్టిన షాట్ కాదు, ఎవరో ఒకరి తల తగిలితే చాలని వేసిన బంతి. ఎవరి తలా తగల్లేదు. ఎవరో ఒకరు తాకుతారని గోల్‌కీపర్ టిమ్ హోవర్డ్ ఒక్క క్షణం ఆగాడు. బంతి నేల మీద ఒక గెంతు వేసి అవతలి మూల నుంచి లోపలికి పోయింది. కుడి వైపు నిలబడిన ఎడమ కాలివాడు కొడితే బంతి గోల్ వైపే వంగుతుంది, గోల్‌కీపర్‌కు ఆగే వ్యవధి ఉండదు. ఆ గోల్‌ను అదృష్టమన్నారు. కొంత అదృష్టమే. కానీ ఎడమ కాలివాళ్లను కుడి వైపు నిలబెట్టడానికి కారణమేమిటో అందులోనే ఉంది. తర్వాత పదేళ్లలో దాదాపు ప్రతి పెద్ద జట్టూ అదే చేసింది.

అదే సీజన్‌లో బార్సెలోనా మీద 4-2 గెలుపులో ఒక గోల్, మరుసటి ఏడాది రెండో లీగ్ టైటిల్. ఈలోగా చెల్సీ షాన్ రైట్-ఫిలిప్స్‌ను డఫ్ కన్నా ఎక్కువ ధరకు తెచ్చుకుంది. జో కోల్ ఎలాగూ ఉన్నాడు. డబ్బుకు లోటు లేని క్లబ్‌లో నిన్నటి రికార్డు ఆటగాడు నేడు బెంచీ మీద కూర్చోవడం పెద్ద వింతేమీ కాదు.

న్యూకాసిల్ గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. పేరు గొప్ప, ఊరు దిబ్బ. డఫ్ ఉన్న మూడు సీజన్లలో రోడర్, అలర్డైస్, కీగన్, కినియర్, షియరర్ వరసగా మేనేజర్ కుర్చీలో కూర్చుని లేచారు. యజమాని మారాడు. డఫ్ గాయాలతో నెలల తరబడి బయట ఉన్నాడు, కోలుకున్నాక ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ ఆడాడు. 2009 మే 24న ఆస్టన్ విల్లా మైదానం విల్లా పార్క్‌లో సీజన్ చివరి మ్యాచ్. డ్రా చేసుకున్నా ఆ రోజు న్యూకాసిల్ గట్టెక్కేది, ఎందుకంటే కింది డివిజన్‌కు పడే ప్రమాదంలో ఉన్న మరో జట్టు హల్ అవతల ఓడిపోయింది. మొదటి సగంలో విల్లా ఆటగాడు గారెత్ బారీ దూరం నుంచి కొట్టిన షాట్ డఫ్‌కు తగిలి దిశ మార్చుకుని సొంత గోల్‌లో పడింది. 1-0. పదహారేళ్ల తర్వాత న్యూకాసిల్ కింది డివిజన్‌కు దిగింది. ఆ గోల్ డఫ్ పేరు మీదే రాసుంది. సీజన్ పొడవునా జరిగిన గందరగోళానికి, ఆ షాట్‌కు అడ్డుగా వెళ్లిన ఒక్కడు మొహమయ్యాడు. దూరంగా నిలబడినవాడికి బంతి తగలదు కదా!

అప్పటికి వయసు ముప్పై. ఆగస్టులో ఫుల్హమ్ కొన్నది. అక్కడ మేనేజర్ ఎవరనుకున్నారు? రాయ్ హాడ్జ్‌సనే. పదేళ్ల కిందట తన చేతుల్లో ఎదిగిన కుర్రాడిలో ఇప్పుడు ఏం మిగిలిందో చూడగలిగిన మనిషి. హాడ్జ్‌సన్ ఆడించేది పాతకాలపు 4-4-2, అంటే వెనక నలుగురు, మధ్యలో నలుగురు, ముందు ఇద్దరు. అందులో ఎడమ కాలి డఫ్‌ను కుడి వైపు, కుడి కాలి సైమన్ డేవిస్‌ను ఎడమ వైపు పెట్టాడు. ఇద్దరూ లోపలికి వచ్చి ఆడతారు, బంతి పోగానే రెండు వరుసలు బిగుసుకుంటాయి. వేగం తగ్గిన వింగర్‌కు ఇంతకన్నా అనువైన ఏర్పాటు లేదు. టచ్‌లైన్ వెంబడి డిఫెండర్‌తో పరుగు పందెం పెట్టుకోనక్కర్లేదు. ఎప్పుడు లోపలికి రావాలో, ఎప్పుడు ఆగి ఫుల్‌బ్యాక్‌ను ముందుకు పంపాలో తెలిస్తే చాలు.

ఆ సీజన్‌లో డఫ్ లీగ్‌లో ఆరు గోల్స్ కొట్టాడు. చెల్సీలో అతని అత్యుత్తమ సీజన్‌లో కొట్టినవీ ఆరే. తేడా ఏమిటంటే ఈసారి చుట్టూ లాంపార్డ్, ద్రోగ్బా లేరు. యూరప్ క్లబ్బుల పోటీ యూరోపా లీగ్‌లో ఫుల్హమ్ డిఫెండింగ్ చాంపియన్ షక్తార్‌ను, ఆ తర్వాత యువెంటస్‌ను, జర్మన్ చాంపియన్ వోల్ఫ్స్‌బర్గ్‌ను, హాంబర్గ్‌ను దాటింది. యువెంటస్ మీద తొలి మ్యాచ్‌లో టురిన్‌లో 3-1తో ఓడి, సొంత మైదానం క్రేవెన్ కాటేజ్‌లో రెండో నిమిషంలోనే గోల్ ఇచ్చుకుని, చివరికి 4-1తో గెలిచింది. ఫైనల్లో అట్లెటికో మాడ్రిడ్‌తో అదనపు సమయం ముగియబోతుండగా ఫోర్లాన్ కొట్టిన గోల్‌తో 2-1తో ఓడిపోయారు. కప్పు రాలేదు కాబట్టి డఫ్ ట్రోఫీల పట్టికలో ఆ ఏడాది ఖాళీ. పట్టికలు చూసి కెరీర్లు కొలిచేవాళ్లకు అది కనిపించదు.

హాడ్జ్‌సన్ వెళ్లాక మార్క్ హ్యూస్ వచ్చాడు. 2002 లీగ్ కప్ ఫైనల్లో డఫ్ పక్కన ఆడినవాడే. ఆ తర్వాత మార్టిన్ యోల్. మేనేజర్లు మారినా డఫ్ చోటు పెద్దగా కదల్లేదు. 33, 34 ఏళ్ల వయసులో, 2012-13 సీజన్‌లో, లీగ్‌లోనే 31 మ్యాచ్‌లు ఆడాడు. చెల్సీలో ఏ సీజన్‌లోనూ అన్ని ఆడలేదు. వింగర్‌కు ఆ వయసులో అన్ని మ్యాచ్‌లంటే మామూలు విషయం కాదు. 2014లో ఫుల్హమ్ కూడా కింది డివిజన్‌కు దిగిపోయింది, అతని ఒప్పందమూ ముగిసింది.

ఆస్ట్రేలియా క్లబ్ మెల్‌బోర్న్ సిటీలో ఒక సీజన్, ఆపైన సొంతూరు డబ్లిన్‌లో షామ్‌రాక్ రోవర్స్‌కు కొన్ని మ్యాచ్‌లు. అక్కడి జీతాన్ని చారిటీలకు ఇచ్చేశాడు. 2015 డిసెంబరులో బూట్లు విప్పాడు. తర్వాత షెల్బోర్న్ మేనేజర్‌గా 2024లో ఐర్లాండ్ లీగ్ గెలిచాడు. 2006 తర్వాత ఆ క్లబ్‌కు అదే తొలి టైటిల్. చివరి రోజు డెర్రీలో 1-0 గెలుపుతో వచ్చింది. అలాంటి ఒక్క గోల్ గెలుపును కాపాడుకోవడం అతను మౌరీన్యో దగ్గరే నేర్చుకున్నాడని చెబితే వినడానికి బాగుంటుంది. నన్నడిగితే, ఫుల్హమ్‌లో కుడి వైపు నిలబడిన ఏళ్లలోనే ఎక్కువ నేర్చుకుని ఉంటాడు.