సవరణ: హరితరేణువు ఒక్కటే నిర్ణయించదు

వర్ధన్నపేట దగ్గర మా నారుమడి గురించి గత వారం పోస్టు రాస్తూ, ఆకు కణాల్లో వెలుతురుతో ఆహారం తయారుచేసే పచ్చటి రేణువు, అంటే హరితరేణువు గురించి, "హరితరేణువుకు సొంత డీఎన్‌ఏ ఉంది, తన జన్యువులను తనే నడుపుకుంటుంది" అన్నాను. సొంత డీఎన్‌ఏ ఉన్న మాట నిజమే, తనే నడుపుకుంటుందన్నది తప్పు. హనుమకొండలో ఇంటర్ చదివే ఒక అమ్మాయి "మరి కేంద్రకం పనేంటి సార్?" అని అడిగింది. మంచి ప్రశ్న. కేంద్రకం అంటే కణంలో ఎక్కువ డీఎన్‌ఏ ఉండే భాగం.

వరి హరితరేణువు డీఎన్‌ఏ వరుస 1989లోనే పూర్తిగా తేలింది. అందులో ఉన్నవి వందకు కాస్త పైగా జన్యువులే. అక్కడ పనిచేసే ప్రోటీన్లు మాత్రం వేలల్లో ఉంటాయి, చాలావరకు కేంద్రకం పంపినవే. హరితరేణువు జన్యువులను చదివి ఆర్‌ఎన్‌ఏ అనే నకలు తీసే ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్‌లు రెండు రకాలు. ఒకటి కేంద్రకానిదే. రెండోదాని ప్రధాన భాగాలు హరితరేణువులోనే తయారైనా, ఎక్కడ మొదలుపెట్టాలో చూపించే సిగ్మా ప్రోటీన్లు కేంద్రకం నుంచే రావాలి.

"వెలుతురు పడగానే జన్యువు ఆన్ అవుతుంది" అని అదే పోస్టులో రాసిందీ అన్నిచోట్లా నిజం కాదు. ముదిరిన ఆకులో, వెలుతురును వాడుకునే పనిలో ముఖ్యమైన డీ1 ప్రోటీన్‌కు కావలసిన ఆర్‌ఎన్‌ఏ చీకట్లోనూ సిద్ధంగా ఉంటుంది. వెలుతురులో పెరిగేది దాన్నుంచి ప్రోటీన్ తయారయ్యే వేగం. ఎండకు డీ1 దెబ్బతింటూనే ఉంటుంది, కొత్తది వెంటవెంటనే కావాలి మరి. నన్ను బాగా ఆకట్టుకున్నది ఈ ఏర్పాటే.

బస్తా కింద పసుపుగా మొలిచిన నారు వెలుతురులో పచ్చబడుతుందని ఆ పోస్టులో అన్న మాటలో మార్పు లేదు. పాత పోస్టులో ఆ రెండు వాక్యాలు సరిదిద్దాను.