ర్యాంకు సరే, ఆ ఆరంకెల కోడ్ సంగతేంటి?

విజయవాడ బెంజ్ సర్కిల్ చుట్టుపక్కల ఏ కన్సల్టెన్సీ మెట్లెక్కినా విదేశాల్లో ఎంబీఏ అడిగిన పిల్లలకు ముందు చూపించేది యూనివర్సిటీ ర్యాంకు, ఆ తర్వాత ఫీజు. చదువయ్యాక అక్కడ ఎన్ని నెలలు ఉద్యోగం చేసుకోవచ్చన్న మాట లేచి వచ్చేటప్పుడు గానీ రాదు. పొలం కాగితాలు బ్యాంకులో పెట్టి పంపే ఇంట్లో అయినా లెక్క అక్కడే మొదలవ్వాలి.

అమెరికా సంగతి చూడండి. మామూలు ఎంబీఏకి ఓపీటీ, అంటే చదువయ్యాక అక్కడ పనిచేసుకునే అనుమతి, 12 నెలలు. స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) కోర్సైతే మరో 24 కలిపి 36. తేడా డిగ్రీ పేరులో లేదు, యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 పత్రం మీద ఉండే ఆరంకెల కోడ్‌లో ఉంది. 30.7102 అంటే బిజినెస్ అనలిటిక్స్, అది స్టెమ్. 52.0201 సాధారణ మేనేజ్‌మెంట్, అది కాదు. రెండూ ఒకే బిల్డింగులో చెబుతుండొచ్చు. ఆ తర్వాతా అక్కడ ఉద్యోగం చేయాలంటే కావాల్సిన హెచ్-1బీ వీసాకు ఎంపిక ఏడాదికోసారి. కోటా 65,000, అక్కడ మాస్టర్స్ చేసినవాళ్లకు ఇంకో 20,000. ఏడాదే గడువున్నవాడికి ఒకటి రెండు అవకాశాలకు మించి దొరకవు.

ఇక్కడే మన బ్యాంకు కూడా లెక్కలోకి వస్తుంది. విద్యా రుణానికి సాధారణంగా కోర్సు ముగిశాక ఏడాది మారటోరియం, అంటే వాయిదాలు కట్టనక్కర్లేని గడువు, ఇస్తారు. అంటే ఓపీటీ ముగిసే రోజులూ వాయిదాలు మొదలయ్యే రోజులూ ఇంచుమించు ఒకటే! ఇంటికొచ్చి మళ్లీ వెళ్దామనుకుంటే, దేశం బయటున్నవారి కొత్త హెచ్-1బీ దరఖాస్తులపై 2025 సెప్టెంబరులో లక్ష డాలర్ల రుసుము వేశారు. అక్కడే చదివి, దేశం దాటకుండానే స్టూడెంట్ స్టేటస్ నుంచి హెచ్-1బీకి మారేవాళ్లకు అది వర్తించదని తర్వాత వివరణ ఇచ్చారు.

బ్రిటన్‌లో కోర్సు ఏడాదే కాబట్టి చవకనిపిస్తుంది. కానీ చదువయ్యాక అక్కడ ఉండి పనిచేసుకోనిచ్చే గ్రాడ్యుయేట్ వీసాకు 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు చేసే మాస్టర్స్ వాళ్లకు రెండేళ్లు కాదు, 18 నెలలే. కెనడాలో రెండేళ్లకన్నా చిన్న మాస్టర్స్‌కీ చదువయ్యాక మూడేళ్ల వర్క్ పర్మిట్ ఇస్తున్నారు. కాలేజీ డిప్లొమాల కథ వేరు, దాన్ని దీంతో కలపొద్దు.

అలాగని అంకెలంటే గిట్టని బీకాం పిల్లను 24 నెలల కోసం అనలిటిక్స్‌లోకి తోయడం కూడా నాకు నచ్చదు. ఆ అదనపు గడువుకు ఈ-వెరిఫైలో (ఉద్యోగుల పని అర్హతను సరిచూసే అమెరికా ప్రభుత్వ వ్యవస్థ) ఉన్న కంపెనీ కావాలి, శిక్షణ ప్లాన్ మీద యజమాని సంతకం కావాలి. స్టాటిస్టిక్స్‌లో తడబడే మనిషికి ఆ సంతకం పెట్టేదెవరు? అలాంటి పిల్ల ముందు ఇక్కడే రెండేళ్లు ఉద్యోగం చేసి, ఆ అనుభవంతో ఎంబీఏకి వెళ్లడం మేలు. మిగతావాళ్లు డిపాజిట్ కట్టేముందు అడ్మిషన్స్ ఆఫీసుకు మెయిల్ పెట్టి, తమ కోర్సు కోడ్ ఏదో రాతపూర్వకంగా తెప్పించుకోవాలి.