పది లక్షలు దాటితేనే కళ్లు తెరిచే రూలు గారికి

మహారాజశ్రీ కాంట్రాక్టు రివ్యూ రూలు గారి దివ్యసముఖమునకు,

ఉభయకుశలోపరి. మా ఆఫీసు సాఫ్ట్‌వేర్‌లో మీరు కొలువుదీరినప్పటి నుంచీ మీకో ఉత్తరం రాయాలని ఉంది. మెయిల్ పెడదామంటే మీకు ఇన్‌బాక్స్ లేదు, ఎదురుగా నిలబడి అడుగుదామంటే మొహం లేదు. అడ్మిన్ స్క్రీన్‌లో ఒక వరస, అంతే మీరు: ‘కాంట్రాక్టు విలువ 10,00,000 దాటితే లీగల్‌కు పంపు’. ఆ పది లక్షలే ఎందుకని ఎవరినడిగినా ‘మొదటి నుంచీ అంతే’ అంటున్నారు. వేదవాక్కు అనుకుని ఊరుకున్నాం.

మీరొచ్చాక మా కొనుగోళ్లలో ఒక చిత్రం జరిగింది. ధరలన్నీ ఒక్కచోటికి చేరిపోయాయి. రిపోర్టు తీస్తే 9,90,000, 9,85,000, 9,99,000. పదిన్నర లక్షల సరుకు లోకంలో తయారవడమే మానేసినట్టుంది. వెండర్లు ఆవలిస్తే పేగులు లెక్కపెట్టేవాళ్లు కదా, కొటేషన్ ఇవ్వకముందే ‘సార్, మీ లిమిట్ ఎంతండీ?’ అంటున్నారు. హౌస్‌కీపింగ్ పని ఒకటే అయినా నేలలకు ఒక కాంట్రాక్టు, అద్దాలకు ఒకటి, బాత్రూములకు ఇంకొకటి రాయించారు. మూడింటి మీదా అదే పాన్ నంబరు, అదే తేదీ, అదే సంతకం. మూడూ మీ ముందు నుంచే నడిచి వెళ్లాయి. మీరు ‘ఎవరు బాబూ’ అని కూడా అడగలేదు.

ఈ విద్య మేం కనిపెట్టింది కాదు లెండి. కేంద్ర ప్రభుత్వం 2017లో తెచ్చిన జనరల్ ఫైనాన్షియల్ రూల్స్‌లో 157వ రూలు సరిగ్గా దీని గురించే. పై అధికారి మంజూరు తప్పించుకోవడానికి ఒకే అవసరాన్ని చిన్నచిన్న ముక్కలు చేసి కొనకూడదని అది చెబుతుంది. పెద్దలు ఇంత వివరంగా రాశారంటే, ముక్కలు కోసేవాళ్లను చాలామందినే చూసి ఉండాలి. మీకు మాత్రం మొత్తాలు కూడే అలవాటు లేదు. ఒక్కో కాగితాన్ని విడిగా చూసి, విడిగా వదిలేస్తారు.

అద్దె అగ్రిమెంట్ల కథ దీన్ని మించింది. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం ఏడాది దాటిన లీజును రిజిస్టర్ చేయించాలి. అందుకని దేశమంతా 11 నెలలకు రాసుకోవడం మొదలుపెట్టింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో ఆ సెక్షన్‌ను సవరించి, గడువుతో పని లేకుండా లీజులన్నిటికీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేశారు. అంటే మన దగ్గర ఆ 11కు అర్థం పోయి పాతికేళ్లు దాటింది. అయినా టైపింగ్ షాపుకు వెళ్లి ‘రెంటల్ అగ్రిమెంటు’ అనగానే, అతను ఓనరు పేరు అడగకముందే పదకొండు నెలలని కొట్టేసి ఉంటాడు. షరతు తీసేసినా భయం మాత్రం జనానికి పోలేదు. రేపు మిమ్మల్ని డిలీట్ చేసినా మా వాళ్లు 9,90,000 దగ్గరే ఆగుతారని నా నమ్మకం.

ఇంతకీ ‘విలువ’ అంటే మీరు దేన్ని చూస్తున్నారు? కాంట్రాక్టునైతే కాదు. రిక్వెస్ట్ పెట్టిన మనిషి ఒక గడిలో కొట్టిన అంకెను చూస్తున్నారు. 9,90,000 మీద 18 శాతం జీఎస్టీ వేస్తే 11,68,200 అవుతుంది. బ్యాంకు నుంచి పోయేది అంతా. గడిలో మాత్రం పన్ను లేదు. మొన్న ఒక క్లౌడ్ సర్వీసు కాంట్రాక్టు వచ్చింది, 60,000 డాలర్లది. అంకె ఒక గడిలో, కరెన్సీ పక్క గడిలో ఉన్నాయి. తమరు పక్క గడి చూడరు కదా! అరవై వేల రూపాయల స్టేషనరీ అనుకుని ఆశీర్వదించి పంపేశారు. అదే వారం అడ్మిన్ వాళ్లు 10,20,000కు కుర్చీలు కొంటే మాత్రం లీగల్‌ను, ఫైనాన్స్‌ను, ఊళ్లో లేని డైరెక్టర్‌ను కూడా లేపి కూర్చోబెట్టారు. కుర్చీ వల్ల కంపెనీకి రాగల ప్రమాదమేమిటో లీగల్ వాళ్లు తీరిగ్గా ఆలోచించి, చివరికి రెండో పేజీలో కామా పెట్టమని రాశారు.

రేట్ కాంట్రాక్టులైతే మరీ హాయి. ఎంత వాడితే అంత బిల్లు కాబట్టి ముందుగా వేసే విలువ సున్నా. ఎన్‌డీఏ, అంటే రహస్యాలు బయటపెట్టబోమని రాసుకునే కాగితం, దాని విలువా సున్నాయే. మా కస్టమర్ల డేటా మొత్తం బయటివాడి చేతిలో పెట్టి, అది లీకైతే వాడి బాధ్యత ఒక నెల ఫీజు దాటదని ఒప్పుకున్న కాగితం విలువ కూడా సున్నాయే. సున్నా పది లక్షల కంటే తక్కువ. మీ లెక్కను తప్పు పట్టడానికి నేనెవర్ని?

మీ తమ్ముడు గారొకరున్నారు, మాటలు వెతికే రూలు గారు. ‘పెనాల్టీ’ అన్న మాట కనిపిస్తే ఎర్రజెండా ఎత్తడం ఆయన ఉద్యోగం. ‘ఈ ఒప్పందంలో ఎలాంటి పెనాల్టీ ఉండదు’ అన్న వాక్యానికి జెండా ఎత్తారు. రెండు పేజీలు తిప్పితే, ఆలస్యమైన ప్రతి రోజుకూ ఫీజులో 2 శాతం ‘సర్దుబాటు మొత్తం’ అని ఉంది. దానికి దారి వదిలారు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ఇంతకంటే తెలివైనది. ఒప్పందం తప్పినప్పుడు కట్టే సొమ్ముకు ఏ పేరు పెట్టుకున్నా సరే, రాసుకున్న మొత్తానికి మించకుండా సమంజసమైన పరిహారమే ఇప్పిస్తానని 74వ సెక్షన్‌లో చెప్పింది. కంప్యూటర్ లేని కాలంలో రాసిన చట్టం పేరును దాటి విషయాన్ని చూసింది. ఇక స్కాన్ చేసి పంపిన పీడీఎఫ్ అయితే అది ఉత్త బొమ్మే కాబట్టి తమ్ముడు గారికి ఒక్క అక్షరమూ కనిపించదు. కనిపించలేదు కాబట్టి ‘రిస్క్: తక్కువ’ అని పచ్చరంగు వేస్తారు. మా వెండర్లలో కొందరికి ఇప్పుడు స్కానర్ అంటే మహా ప్రేమ.

టెంప్లేట్, అంటే మా ఆఫీసు నమూనా ఒప్పందం, మారితే మోగే రూలు గారి గురించి రెండే ముక్కలు. వెండర్ అడ్రసులో పిన్‌కోడ్ సరిచేస్తే ఆయన ఊరంతా చాటింపు వేస్తారు. అసలు టెంప్లేట్‌లోనే తప్పుంటే కిక్కురుమనరు. మా టెంప్లేట్‌లో చెల్లింపు గడువు 60 రోజులు. సరుకు ఇచ్చినది సూక్ష్మ లేదా చిన్న పరిశ్రమ అయితే, ఒప్పందంలో ఏం రాసుకున్నా 45 రోజులు దాటకూడదని 2006 ఎంఎస్ఎంఈ చట్టం 15వ సెక్షన్ చెబుతోంది. దాటితే రిజర్వ్ బ్యాంకు ప్రకటించే ‘బ్యాంక్ రేటు’కు మూడు రెట్లు వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. అంతా టెంప్లేట్‌తో అచ్చుగుద్దినట్టు ఉంది కాబట్టి ఏ గంటా మోగలేదు. ఆ చిన్న వెండర్ మాత్రం రెండు నెలలపాటు మా అకౌంట్స్ వాళ్లకు ఫోన్లు చేస్తూ, ‘ప్రాసెస్‌లో ఉంది’ అన్న మాట వింటూ గడిపాడు.

ఇప్పుడు కాఫీ మెషీన్ దగ్గరికి రండి. నాలుగో అంతస్తులో, లిఫ్ట్ పక్కన. కాపుచినో నొక్కితే గోరువెచ్చని నీళ్లు, నీళ్లు నొక్కితే ఏమీ రాదు. నెలకు 9,000 అద్దె, మూడేళ్ల కాంట్రాక్టు, మొత్తం 3,24,000. మీ కంటికి ఆనదు. ఏడో పేజీ అడుగున, ముగింపు తేదీకి 90 రోజుల ముందు వద్దని రాతపూర్వకంగా చెప్పకపోతే అవే షరతులతో మరో మూడేళ్లు సాగుతుందని ఉంది. ముగింపు జూన్ 30. అంటే వద్దని చెప్పడానికి ఆఖరు రోజు ఏప్రిల్ 1. మీ ఇంట్లోనే తేదీలు చూసే రూలు గారు రిమైండర్ పంపింది మే 31న, ‘కాంట్రాక్టు 30 రోజుల్లో ముగుస్తోంది, చర్య తీసుకోండి’ అని. చర్య తీసుకునే గడువు రెండు నెలల కింద పోయింది స్వామీ! ఆయన చూడాల్సింది ముగింపు తేదీ కాదు, నోటీసు తేదీ. ఈ తేడా తెలియక ఇంకో మూడేళ్లు ఆ గోరువెచ్చని నీళ్లు తాగాలి మేం.

మీ కుటుంబంలో ఎన్నడూ మోగని వారొకరున్నారని ఈమధ్యే తెలిసింది. ‘రకం: చిన్న కొనుగోలు, విలువ 10 లక్షల పైన అయితే ఆడిట్‌కు పంపు’ అట. మా ఆఫీసులో చిన్న కొనుగోలు అంటేనే రెండు లక్షల లోపు. కాంట్రాక్టు చట్టం 36వ సెక్షన్‌లో ఇలాంటి వారి కోసమే ఒక ఉదాహరణ ఇచ్చారు. రెండు సరళరేఖలు కలిసి ఒక స్థలాన్ని చుట్టేస్తే వెయ్యి రూపాయలిస్తానని ఒకాయన ఒప్పుకుంటాడు. జరగనిదాని మీద పెట్టిన షరతు కాబట్టి అది చెల్లదు అన్నారు. మా దగ్గర చెల్లుతోంది. పైగా ‘ఆడిట్ కంట్రోల్ ఉంది’ అని ఏటా పవర్‌పాయింట్‌లో టిక్కు పెట్టి చూపిస్తున్నాం.

మా మనవి పెద్దదేం కాదు. అంకె చూసేటప్పుడు పక్కనున్న కరెన్సీని కూడా చూడండి. ఒకే వెండర్‌కు ఏడాదిలో ఇచ్చినవన్నీ కూడి చూడండి. విలువ ఎంతైనా సరే, మా డేటా బయటికి పోతున్నా, మా బాధ్యతకు హద్దు లేకపోయినా, కాంట్రాక్టు దానంతటదే పొడిగింపు అవుతున్నా లేవండి. చదవలేని ఫైలు వస్తే పచ్చరంగు వేయకుండా ‘నాకు కనిపించలేదు’ అని ఒప్పుకోండి. కుర్చీల జోలికి పోకండి. రోజూ ఇన్ని అనవసరపు గంటలు మోగిస్తే, లీగల్‌లో కూర్చున్న ఆ అమ్మాయి మాత్రం ఏం చేస్తుంది? లంచ్‌కు వెళ్లేముందు అన్నీ టిక్కు పెట్టి, ‘అప్రూవ్డ్’ కొట్టి వెళ్తోంది. నిజంగా చూడాల్సింది ఆ గుంపులోనే ఎక్కడో ఉంటుంది.

ఇట్లు,
మీ క్యూలో నిలబడ్డ ఒక కొనుగోలు విభాగపు ఉద్యోగి

తా.క.: మిమ్మల్ని మార్చమని ఫారం పెట్టాం. అందులో ‘విలువ’ గడి తప్పనిసరి అంటే సున్నా వేశాం. అర నిమిషంలో దానంతటదే అప్రూవ్ అయింది. ఎవరి దగ్గరికీ వెళ్లలేదు కాబట్టి ఎవరూ ఏమీ చేయలేదు. స్టేటస్ ‘పూర్తయింది’ అని చూపిస్తోంది.