మాడు వాసన వస్తే బ్యాటరీని ఫ్రీజర్‌లో పెట్టాలా?

"కార్డ్‌లెస్ వాక్యూమ్ క్లీనర్ నుంచి మాడు వాసనా? రిపేరు అక్కర్లేదు, ఈ నాలుగు చేయండి" అని ఒక మెసేజ్ గ్రూపు గ్రూపుకీ తిరుగుతోంది. పంపేవాళ్లు ఒక్కసారి చదివి పంపండి, దయచేసి.

దుమ్ము డబ్బాలో సెంటు చల్లమన్నారు. సెంటులో ఉండేది మండే ఆల్కహాల్. వద్దు, అంతే.

బ్రష్ రోలర్‌కి నూనె రాయమన్నారు. నూనెకి దుమ్ము పట్టి ముద్ద కడుతుంది. బెల్టు ఉన్న మోడల్ అయితే బెల్టు జారి, రబ్బరు కాలిన వాసన ఇంకా పెరుగుతుంది. ముందు బ్రష్ హెడ్ ఊడదీసి, మెషిన్ బాడీని మాత్రం ఒక నిమిషం నడపండి. వాసన రాకపోతే లోపం హెడ్‌లోనే ఉంది. రోలర్ బయటికి తీసి చివరి మూతలు విప్పితే, అక్కడ వెంట్రుకలు ఉంగరంలా బిగుసుకుపోయి కనిపిస్తాయి. ఆ రాపిడికే ప్లాస్టిక్ కరుగుతుంది. కత్తెరతో కోసి లాగేయండి. వేలితో తిప్పితే రోలర్ తేలిగ్గా తిరగాలి.

ఫిల్టర్ కడగమన్నది మాత్రం మంచి సలహా, ఒప్పుకుంటాను. చాలా మోడళ్లలో లోపలికి పీల్చిన గాలే మోటారునీ చల్లబరుస్తుంది. ఫిల్టర్ మూసుకుపోతే మోటారు కాగిపోతుంది. కానీ "పిండి వెంటనే పెట్టేయండి, నడుస్తుంటే అదే ఆరిపోతుంది" అన్నది తప్పు. ఆ తడి మోటారులోకే పోతుంది. కడగదగ్గ ఫిల్టర్ అయితే కనీసం 24 గంటలు నీడన ఆరాలి.

ఇక నాలుగోది: "బ్యాటరీని మూడు గంటలు ఫ్రీజర్‌లో పెట్టి, తీయగానే ఛార్జింగ్ పెట్టండి." ఇది ప్రమాదం! ఈ మెషిన్ల బ్యాటరీ ప్యాక్‌లో సాధారణంగా ఉండేవి లిథియం-అయాన్ సెల్స్. సున్నా డిగ్రీల కంటే చల్లగా ఉన్న అలాంటి సెల్‌ని ఛార్జ్ చేస్తే, లోపలి గ్రాఫైట్ పొరలోకి చేరాల్సిన లిథియం దాని పైన లోహంగా పేరుకుంటుంది. అది ముళ్లలా పెరిగి సెల్ లోపలే షార్ట్ కావచ్చు. మంచి ప్యాక్‌లో ఉష్ణోగ్రత సెన్సర్ ఛార్జింగ్‌ని ఆపుతుంది. మాడు వాసన వచ్చిన ప్యాక్‌లో అది పనిచేస్తోందని ఏ నమ్మకంతో చెప్తున్నారు? పైగా ఫ్రీజర్‌లోంచి తీయగానే చల్లటి గ్లాసుకి పట్టినట్టే దానికీ చెమ్మ పడుతుంది, టెర్మినల్స్ మీదా సర్క్యూట్ బోర్డు మీదా. పాడైన సెల్ వదిలే వాయువులు మండుతాయి. అలాంటిదాన్ని తలుపు మూసిన పెట్టెలో, తిండి పక్కన పెట్టమని పదిమందికీ పంచుతున్నారు!

బ్యాటరీ దగ్గర నెయిల్ పాలిష్ రిమూవర్‌లాంటి తియ్యటి ఘాటు వచ్చినా, కేసు ఉబ్బినా, చెయ్యి ఆనలేనంత కాలినా వెంటనే ఛార్జింగ్ ఆపండి. పట్టుకోగలిగేలా ఉంటే ఊడదీసి ఆరుబయట గచ్చు మీద, అంటుకునేవేవీ దగ్గర లేనిచోట పెట్టండి. పొగ వస్తుంటే ముట్టుకోకండి, ఇంట్లోవాళ్లతో బయటికి వచ్చి ఫైర్ సర్వీసుకి ఫోన్ చేయండి. చల్లారాక బాగానే ఉన్నట్టు కనిపించినా ఆ బ్యాటరీని మళ్లీ ఛార్జర్‌కి తగిలించకండి. టెర్మినల్స్ మీద టేపు అంటించి, ఇంటి చెత్తలో కాకుండా ఈ-వేస్ట్ తీసుకునే చోట ఇచ్చేయండి.