మంచి పిల్లలు, చెడ్డ పిల్లలు, ఒక పిల్లి

శాంతాక్లాజ్‌కి ఇంత పేరు రావడం నాకెందుకో అన్యాయంగా అనిపిస్తుంది. ఏడాదికి ఒక్క రాత్రి డ్యూటీ, అదీ బొమ్మలు పంచే సుఖమైన డ్యూటీ. పిల్లల్ని దారిలో పెట్టే అసలు పని, అంటే భయపెట్టడం, బరికె ఝళిపించడం, మరీ మొండిఘటమైతే బుట్టలో వేసుకుని పోవడం, ఇదంతా చేసే సిబ్బంది వేరే ఉన్నారు. "నా కోసం తప్పకుండా రా" అని వాళ్లకి ఏ పిల్లాడైనా ఉత్తరం రాశాడా?

ఆస్ట్రియా, జర్మనీలోని బవేరియా కొండల్లో చూడండి. డిసెంబర్ 5 రాత్రి శాంతాక్లాజ్‌కి మూలపురుషుడైన సెయింట్ నికొలస్ బిషప్ వేషంలో వస్తాడు, పక్కనే క్రాంపుస్. కొమ్ములు, ఒంటినిండా బొచ్చు, గొలుసులు, చేతిలో బర్చ్ చెట్టు బరికెలు. నికొలస్ మిఠాయి ఇస్తాడు, క్రాంపుస్ బరికె ఎత్తుతాడు. కలిసే వచ్చారు, కలిసే పోతారు, ఒకడు లేకపోతే రెండోవాడి మాట వినే నాథుడుండడు, కానీ దణ్ణాలు మాత్రం ఒకడికే!

ఈ శాఖని అందరికంటే శ్రద్ధగా నడిపేది ఐస్‌లాండ్. దేశం జనాభా 4 లక్షలకు లోపే, సిబ్బంది మాత్రం ఫుల్. పైన గ్రీలా అనే రాక్షసి, అల్లరి పిల్లల్ని ఏరుకెళ్లి కూర వండుకుంటుంది. మొగుడు లెప్పలూదీ, పరమ సోమరి, అతని గురించి చెప్పడానికి ఇంకేం లేదు. వీళ్లకి 13 మంది కొడుకులు. డిసెంబర్ 12 నుంచి రోజుకొకడు చొప్పున కొండ దిగి వస్తాడు. ఒకడు గరిటెలు నాకుతాడు, ఒకడు గిన్నెల అడుగు గోకుతాడు, ఒకడు సాసేజీలు ఎత్తుకుపోతాడు, ఒకడు కిటికీల్లోంచి తొంగి చూస్తాడు (దీనికి మిగతాచోట్ల పోలీసు కేసు పెడతారు), ఒకడికి జనం నిద్రపోతుంటే తలుపులు ధడేల్మని వేయడం తప్ప వేరే పని లేదు, చివరివాడు కొవ్వొత్తుల దొంగ. ఇంతటి చరిత్ర ఉన్న ఈ పెద్దమనుషులే పిల్లల ప్రవర్తన మీద తీర్పులిస్తారు. పిల్లలు కిటికీలో బూటు పెట్టి పడుకుంటారు. బుద్ధిమంతుడైతే బూటులో కానుక, కాకపోతే కుళ్లిన బంగాళదుంప. నువ్వు సాసేజ్ దొంగిలించావు కదా అని తిరగబడి అడిగిన పిల్లాడెవడైనా ఉన్నాడో లేదో మరి.

1746లో, ఐస్‌లాండ్ డెన్మార్క్ ఏలుబడిలో ఉండగా, ఇలాంటి భూతాల పేరు చెప్పి పిల్లల్ని బెదిరించకూడదని ఉత్తర్వు కూడా వచ్చింది. గ్రీలా ఇంకా డ్యూటీలోనే ఉంది.

అసలు మెచ్చుకోవలసింది వాళ్ల పిల్లిని. క్రిస్మస్‌కి కొత్తబట్ట దొరకనివాణ్ణి ఈ పెద్దపిల్లి తినేస్తుంది. ఉన్ని పని పండగలోపు పూర్తిచేసినవాళ్లకి కొత్తబట్టలు దక్కేవని, పని ఎగ్గొట్టేవాళ్లని కదిలించడానికే ఈ కథ పుట్టిందని చెప్తారు. ఐడియా బాగానే ఉంది, కాకపోతే పిల్లి చూసేది చొక్కానే, చేసిన పనిని కాదు. చొక్కా కొనే స్తోమతు లేనివాడు ఏడాదంతా ఉన్ని వడికినా పిల్లి నోట్లోకే. బద్ధకస్తుడైన షావుకారు కొత్త కోటు వేసుకుని దాని ముందు నుంచే దర్జాగా నడిచిపోవచ్చు.

ఇటలీలో క్రమశిక్షణ పూర్తిగా దిగజారింది. అక్కడ జనవరి 5 రాత్రి బెఫానా అనే ముసలమ్మ చీపురుకట్ట మీద తిరుగుతూ చెడ్డ పిల్లల మేజోళ్లలో బొగ్గు వేయాలి. ఇప్పుడు ఆ బొగ్గుని పంచదారతో చేసి అమ్ముతున్నారు. శిక్షే మిఠాయి అయ్యాక అల్లరి మానమని ఏ మొహం పెట్టుకుని చెప్తాం?

గ్రీసువాళ్ల కథ మాత్రం నన్ను నిజంగా ఆలోచనలో పడేసింది. కలికాంజారీలని భూమి కింద ఉండే దుష్ట మరుగుజ్జులు. లోకాన్ని మోసే చెట్టుని ఏడాది పొడుగునా రంపంతో కోస్తుంటారు. ఇంకాస్త కోస్తే కూలుతుందనగా క్రిస్మస్ వస్తుంది, రంపం అక్కడే పడేసి మనుషుల్ని ఏడిపించడానికి పైకొస్తారు. 12 రోజులు తిరిగి జనవరి 6కి కిందికి పోయేసరికి చెట్టు మళ్లీ అతుక్కుపోయి ఉంటుంది. వాళ్లు ఇంట్లోకి రాకుండా గుమ్మం దగ్గర జల్లెడ పెడతారు. కలికాంజారీ దాని చిల్లులు లెక్కపెట్టడం మొదలెడతాడు: ఒకటి, రెండు... మూడు పవిత్రమైన అంకె, పైకి అంటే వాడు చస్తాడు, అందుకని మళ్లీ ఒకటి, రెండు, తెల్లారేదాకా అదే లెక్క. దీన్నిబట్టి నాకు అర్థమైందేంటంటే, ఈ లోకం ఇంకా కూలిపోకుండా ఉన్నది ఎవరి మంచితనం వల్లా కాదు, కలికాంజారీలకి పండగ సెలవు ఉండబట్టి.

ఆ సెలవు విలువ ఇప్పటి అమెరికాలోని మసాచుసెట్స్ బే కాలనీ ప్యూరిటన్లకి, అంటే క్రిస్మస్ గిట్టని కరడుగట్టిన క్రైస్తవులకి, తెలియలేదు. 1659లో క్రిస్మస్ చేసుకున్నవాళ్లకి, ఆ రోజు పని మానినా విందు చేసినా సరే, 5 షిల్లింగుల జరిమానా వేశారు. 1681లో రద్దయ్యేదాకా పండగే చెడ్డవాళ్ల జాబితాలో ఉందన్నమాట.

ఇన్ని దేశాల్లో ఇన్ని బెదిరింపులు తిన్న పిల్లలకి ఎక్కడో ఒకచోట లెక్క సరిచేయాలి కదా, ఆ ఏర్పాటు స్పెయిన్‌లోని కటలోనియాలో ఉంది. డిసెంబర్ 8 నుంచి ఇంట్లో ఒక చెక్క దుంగని కూచోబెడతారు, కాళ్లుగా రెండు పుల్లలు, ముందు నవ్వుమొహం, నెత్తిన ఎర్రటోపీ. చలేస్తుందని దుప్పటి కప్పుతారు, రోజూ రాత్రి తిండి పెడతారు. క్రిస్మస్ ముందురోజు రాత్రి పిల్లలంతా కర్రలు తీసుకుని, దొడ్డికెళ్లు దొడ్డికెళ్లు అని పాడుతూ దాన్ని బాదుతారు, దుప్పటి ఎత్తి చూస్తే కింద మిఠాయిలు. అప్పటికీ దుంగ మొహంలో నవ్వు చెరగదు. పాతరోజుల్లో ఆ తర్వాత దాన్ని పొయ్యిలో పెట్టేవారు.