సమరయుడినే కథలోంచి తీసేశారు

సండే స్కూల్ పిల్లలు వేసిన ఒక స్కిట్ వీడియో ఈ వారం మా డెస్క్‌కి వచ్చింది. సికింద్రాబాద్ వైపు ఒక చర్చిలోది. పేరు రాయట్లేదు, ఎందుకంటే అందులో పిల్లల మొహాలున్నాయి, తప్పు వాళ్లది కాదు. వేసింది బైబిల్లో యేసు చెప్పిన మంచి సమరయుడి కథ, దెబ్బలు తిన్నవాణ్ణి పగ జాతివాడు ఆదుకునే కథ. ఈ స్కిట్‌లో మాత్రం దెబ్బలు తిని దారిలో పడున్నవాడు మన విశ్వాసి, కొట్టిన దొంగలకి పక్క మతం వాళ్ల వేషం, వచ్చి కాపాడింది తెల్ల చొక్కా పాస్టర్ గారు. సమరయుడు లేడు! పెద్దవాళ్లేమో లేచి నిలబడి చప్పట్లు.

దొంగలకి ఏ మతం వేషం వేశారో మేం రాయం. రాస్తే మేమూ అదే పని చేసినట్టు.

బయట పరిస్థితులు బాలేవు కాబట్టి పిల్లలకి క్రైస్తవ విలువలు గట్టిగా నేర్పాలి అంటున్నారు, ఆ భయం ఊరికే పుట్టింది కాదని మాకూ తెలుసు. ఒడిశాలో మనోహర్‌పూర్, కంధమాల్, 2023 మే నుంచి మణిపూర్, ఈ చోట్ల క్రైస్తవుల మీద జరిగిన హింస చూసిన తల్లిదండ్రులకి భయపడొద్దని చెప్పలేం. నేర్పాల్సిందే. కానీ నేర్పేది ఇదా?

లూకా 10వ అధ్యాయం ఒక్కసారి తీసి చూడండి. యూదులకి సమరయులంటే పడదు, ఇద్దరికీ తరాల పగ. దెబ్బలు తిని పడున్నవాణ్ణి యాజకుడు, అంటే గుడి పూజారి, చూసి పక్కనుంచి పోయాడు, గుడి సేవ చేసే లేవీయుడూ పోయాడు, ఆగింది మాత్రం ఆ పడనివాడే. నూనె, ద్రాక్షారసం పోసి కట్టు కట్టి, పూటకూళ్లవాడికి రెండు దేనారాలిచ్చి, ఇంకా ఖర్చయితే తిరిగొచ్చి ఇస్తానన్నాడు. వీళ్లలో పొరుగువాడు ఎవరు అని యేసు అడిగితే ధర్మశాస్త్రం చదువుకున్న ఆ పెద్దమనిషి నోటికి 'సమరయుడు' అన్న మాటే రాలేదు, 'జాలి పడినవాడే' అన్నాడంతే. మన స్కిట్‌లో ఆ పాత్రే లేదు.

దానికి ముందు 9వ అధ్యాయం కూడా చదవండి, గొడవల టైమ్‌లో పిల్లలకి చెప్పాల్సింది అసలు అదే. ఒక సమరయుల ఊరు యేసుని రానివ్వలేదు. యాకోబు, యోహాను కోపంతో ఆకాశం నుంచి అగ్ని దింపి కాల్చేద్దామా అన్నారు. ఆయన గద్దించింది ఎవర్ని? ఊరివాళ్లని కాదు, సొంత శిష్యుల్ని. వెళ్లగొట్టిన ఆ ఊరి జాతివాడినే తర్వాతి అధ్యాయంలో కథకి హీరోని చేశాడు.

పిల్లలతో మాత్రం ‘నీ శత్రువుని ప్రేమించు’ అని కంఠత వాక్యం చెప్పిస్తాం, అప్పజెప్పినవాడికి చాక్లెట్ ఇస్తాం, ఇంటికొచ్చాక అదే పిల్లాడి ముందు ఫ్యామిలీ గ్రూప్‌లో వచ్చిన విషాన్ని చదివి పది మందికి ఫార్వర్డ్ చేస్తాం. మణిపూర్‌లో చర్చిలు తగలబడితే మనవైపు నిలబడమని దేశాన్ని అడిగాం, ఇక్కడ మన స్టేజి మీద పక్కింటివాళ్లని దొంగల్ని చేసి కూర్చోబెట్టాం. దీన్ని విలువలు అనరు, వేషధారణ అంటారు, యేసు అందరికంటే ఎక్కువగా తిట్టింది వేషధారుల్నే.

ఆస్ట్రేలియా నుంచి వచ్చిన మిషనరీ గ్లాడిస్ స్టెయిన్స్ కథ కూడా పిల్లలకి చెప్తాం కదా. 1999 జనవరిలో ఆ మనోహర్‌పూర్‌లోనే ఆమె భర్త గ్రాహంని, కొడుకులు పదేళ్ల ఫిలిప్‌ని, ఆరేళ్ల తిమోతిని బండిలోనే సజీవంగా కాల్చేశారు, అయినా ఆమె చంపినవాళ్లని క్షమించానంది, ఆ తర్వాత కూడా ఒడిశాలోనే కుష్ఠు రోగుల మధ్య పని చేసింది. ఆమె పేరు చెప్పుకుని కళ్లు తుడుచుకునే మనకి మూడో తరగతి పిల్లాడికి దొంగ వేషం ఎవరిది వెయ్యాలో మాత్రం క్షణంలో తట్టింది.

ఆ పిల్లాడు సోమవారం పొద్దున స్కూల్ ఆటోలో ఇరుక్కుని కూర్చునేది ఎవరి పక్కన? ఈ హైదరాబాద్‌లో టిఫిన్ బాక్స్ మూత తీస్తే పక్కవాడి చెయ్యి పడుతుంది, ఆ చేతిది ఏ మతమో వాడికి నిన్నటిదాకా అక్కర్లేదు. ఆదివారం గంటసేపట్లో మనం నేర్పేశాం.

పిల్లలు చిన్నవాళ్లు, స్కిట్టే కదా అంటారేమో. స్క్రిప్ట్ రాసింది చిన్నవాళ్లు కాదు, రిహార్సల్ చేయించింది, బట్టలు కుట్టించింది, ముందు వరసలో కూర్చుని ఫోన్లో తీసుకున్నదీ పెద్దవాళ్లే. మే నెల వీబీఎస్‌లో, అంటే వేసవి సెలవుల బైబిల్ స్కూల్లో, ఈ కథ మళ్లీ వేస్తారు. ఈసారీ సమరయుడు కనపడకపోతే చప్పట్లు ఆపి, లేచి వెళ్లి పాస్టర్ గారిని పిల్లల ముందే అడగండి, సమరయుణ్ణి ఎందుకు తీసేశారని.