తిరుగుదారి వేశాకే ఫైల్ తెరిపించండి

ఆఫీసు పనులు వెబ్ అప్లికేషన్లలోకి మారాక దాదాపు ప్రతి సంస్థా సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లను ఒకటి అడుగుతుంది: లిస్టులో ఫైల్ పేరు మీద నొక్కగానే అది మా కంప్యూటర్‌లోని వర్డ్‌లోనో ఎక్సెల్‌లోనో తెరుచుకోవాలి, సేవ్ కొడితే సర్వర్‌లోకే వెళ్లాలి. వినడానికి ఒకే కోరికలా ఉన్నా ఇందులో రెండు పనులున్నాయి. తెరిపించడం ఒక పూట పని. డెమోలో చూపించేదీ, బిల్లు పాస్ అయ్యేదీ దాని మీదే. మార్చిన ఫైల్ భద్రంగా వెనక్కి చేరే సంగతి ఎవరూ అడగరు, డేటా పోయేది మాత్రం అక్కడే. అందుకే ఈ పని చివరి నుంచి మొదలుపెట్టాలన్నది నా వాదన.

ఉత్త డౌన్‌లోడ్ లింకు ఇచ్చి ఊరుకున్న చోట ఏం జరుగుతుందో చూడండి. సర్వర్‌లో జీతాల పట్టిక ఉంది. ఉదయం గుమస్తా దాన్ని దించుకుని నాలుగు వరసలు దిద్ది సేవ్ చేస్తాడు. అది సేవ్ అయ్యేది అతని డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో. మధ్యాహ్నం మళ్లీ అదే లింకు నొక్కితే బ్రౌజర్ సర్వర్‌లోని పాత ప్రతినే ఇంకోసారి దించి, పేరు చివర 1 అంకె తగిలిస్తుంది. మిగతా దిద్దుబాట్లు ఈ రెండో ప్రతిలో పడతాయి. సాయంత్రం అప్‌లోడ్ చేసేటప్పుడు రెండింట్లో ఏది పంపినా సగం పని పోయినట్టే. ఈలోగా ఆడిట్ సెక్షన్ వాళ్లు అదే పట్టికను తమ మెషీన్‌లో దిద్ది పంపి ఉంటే, చివర పంపినవారి ప్రతి ముందువారి పనిని చెరిపేస్తుంది. సర్వర్ ఎర్రర్ చూపించదు. దాని లెక్కలో ఏ తప్పూ జరగలేదు మరి.

ఇది చూసి కొందరు దగ్గరి దారి వెతుకుతారు. ఫైల్ ఉన్నది ఆఫీసు లోపలి నెట్‌వర్క్ (లాన్)లోని షేర్డ్ ఫోల్డర్‌లోనే కదా, పేజీలో నేరుగా ఆ ఫోల్డర్ పాత్ లింకుగా పెడితే పోదా అంటారు. క్రోమ్, ఫైర్‌ఫాక్స్ రెండూ దీన్ని ఒప్పుకోవు. లింకు నొక్కినా ఏమీ జరగదు, డెవలపర్ కన్సోల్‌లో మాత్రం లోకల్ రిసోర్స్ తెరవడానికి అనుమతి లేదని ఒక వరస కనిపిస్తుంది. ఈ అడ్డు తీసేయమని పట్టుబట్టడం సరికాదు. వెబ్ పేజీ తన ఇష్టానికి షేర్డ్ ఫోల్డర్ అడ్రస్‌లను తెరిపించగలిగితే, ఏ మోసగాడి పేజీ అయినా విండోస్‌ను తన సర్వర్ వైపు తిప్పుకుని, లాగిన్ కోసం అది పంపే ఎన్‌టీఎల్‌ఎం హ్యాష్‌ను (పాస్‌వర్డ్ నుంచి తయారైన గుర్తును) పట్టుకోగలడు. సంస్థ లోపలి సైట్లకే పరిమితంగా కావాలంటే ఎడ్జ్ బ్రౌజర్‌లో ఇంట్రానెట్ ఫైల్ లింకుల పాలసీ ఉంది, అడ్మిన్ దాన్ని ఆన్ చేయవచ్చు. వెబ్ పేజీ మెషీన్‌లోని ప్రోగ్రాంలను నేరుగా నడిపించగలిగిన యాక్టివ్‌ఎక్స్ రోజులు మాత్రం తిరిగి రావు. క్రోమ్ 2015లోనే పాత ప్లగిన్లను తీసేసింది, 2022 జూన్ 15న యాక్టివ్‌ఎక్స్‌ను నడిపిన ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ కూడా రిటైరైంది.

చదివి మూసేసే ఫైళ్లకు ఇంత హంగామా అక్కర్లేదు. పీడీఎఫ్, ఫొటోల వంటి వాటికి సర్వర్ ఫైల్‌తో పాటు పంపే కంటెంట్-డిస్పొజిషన్ హెడర్‌లో (ఫైల్‌ను ఏం చేయాలో చెప్పే వివరాల వరసలో) ఇన్‌లైన్ అని రాసి, కంటెంట్ టైప్ (అది ఏ రకం ఫైలో) సరిగ్గా పంపితే బ్రౌజరే చూపిస్తుంది. అన్నిటికీ ఆక్టెట్-స్ట్రీమ్ (రకం చెప్పని ఉత్త బైట్లు) అని పంపే అలవాటు వల్లే చూడాల్సిన పీడీఎఫ్ కూడా డౌన్‌లోడ్‌లో పడుతోంది. తెలుగు పేర్లున్న ఫైళ్ల దగ్గర ఇంకో చిక్కుంది. హెడర్‌లోని మామూలు ఫైల్‌నేమ్ గడిలో తెలుగు నేరుగా పెడితే చాలాసార్లు అవతల చెత్త అక్షరాలు వస్తాయి. 2011 నాటి ఇంటర్నెట్ ప్రమాణ పత్రం ఆర్‌ఎఫ్‌సీ 6266 చెప్పినట్టు, చివర నక్షత్రం గుర్తున్న ఫైల్‌నేమ్ గడిలో యూటీఎఫ్-8 (అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతి) అని పేర్కొని, పేరును పర్సెంట్ కోడ్‌లోకి మార్చి (ఒక్కో బైటును శాతం గుర్తు, మరో రెండు క్యారెక్టర్లుగా రాసి) పంపాలి. 'జీతాలు' అన్న మాటలో యూనికోడ్ లెక్కన ఆరు గుర్తులున్నాయి, ఒక్కోటి మూడు బైట్లు, అంటే 18 బైట్లు. పర్సెంట్ కోడ్‌లో అది 54 క్యారెక్టర్లు అవుతుంది. లైనక్స్ సర్వర్‌లోని ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్‌లో పేరు హద్దు 255 బైట్లు, కాబట్టి తెలుగులో 85 గుర్తులు దాటితే ఫైల్ అసలు తయారే కాదు. జీవోల పేర్లు అంత పొడవూ ఉంటాయి. డిస్క్ మీద ఫైల్‌ను నంబరుతో దాచి, తెలుగు పేరును డేటాబేస్‌లో ఉంచడమే క్షేమం.

ఇక దిద్దాల్సిన ఆఫీస్ ఫైళ్లు. వీటికి మైక్రోసాఫ్ట్ ఆఫీస్ 2010 సర్వీస్ ప్యాక్ 2 నుంచే ఒక రాజమార్గం ఉంది, చాలామంది డెవలపర్లు దాని జోలికే వెళ్లరు. లింకు మామూలు వెబ్ అడ్రస్‌తో కాకుండా ఎంఎస్-వర్డ్ అనే స్కీమ్‌తో (ఏ ప్రోగ్రాం తెరవాలో చెప్పే మొదటి పదంతో) మొదలవుతుంది. కోలన్ తర్వాత దిద్దడానికైతే ఓఎఫ్ఈ, చూడటానికైతే ఓఎఫ్‌వీ అన్న అక్షరాలు, నిలువు గీత, యూ అక్షరం, మళ్లీ నిలువు గీత, ఆపైన ఫైల్ పూర్తి అడ్రస్ ఉంటాయి. బ్రౌజర్ ఒకసారి అనుమతి అడిగి వర్డ్‌ను లేపుతుంది. అక్కడి నుంచి వర్డే సర్వర్‌తో నేరుగా మాట్లాడుతుంది. సేవ్ కొడితే వెబ్‌డావ్ (సర్వర్‌లోని ఫైళ్లను వెబ్ ద్వారానే దిద్దే) పద్ధతిలో, ఫైల్‌ను అక్కడ పెట్టమనే పుట్ రిక్వెస్టుతో ఫైల్ సర్వర్‌కి చేరుతుంది. లిబ్రేఆఫీస్‌కూ ఇలాంటి స్కీమ్ ఉంది.

ఇది పనిచేయట్లేదని వదిలేసిన చోట్ల కారణాలు దాదాపు ఇవే ఉంటాయి. బ్రౌజర్ దాచుకున్న లాగిన్ గుర్తు, అంటే కుకీ, వర్డ్‌కి అందదు. సర్వర్ వర్డ్‌ను కొత్త మనిషి అనుకుని లాగిన్ పేజీకి తిప్పుతుంది, డాక్యుమెంట్ రావాల్సిన చోట లాగిన్ ఫారం ఎదురవుతుంది. దీనికి విరుగుడు లింకు తయారుచేసేటప్పుడే ఆ మనిషికి, ఆ ఫైల్‌కి, కొన్ని గంటలకు మాత్రమే చెల్లే టోకెన్‌ను (రహస్య గుర్తును) అడ్రస్ పాత్ మధ్యలో పెట్టడం. ప్రశ్నార్థకం తర్వాత పెట్టకండి, అడ్రస్ ఫైల్ పేరుతో ముగిసేలా ఉంచండి. రెండోది, వర్డ్ ఫైల్ అడగడానికి ముందే, ఏమేం చేయగలవని సర్వర్‌ను అడిగే ఆప్షన్స్ రిక్వెస్టు పంపుతుంది, ఫైల్‌కే కాదు, అది ఉన్న ఫోల్డర్‌కి కూడా. జవాబులో డావ్ హెడర్ 1, 2 అని ఉండాలి. 2 అంటే ఒకరు దిద్దుతుండగా ఇంకొకరు మార్చకుండా ఫైల్‌కి తాళం వేసే సౌకర్యం ఉందని. అది లేకపోతే ఫైల్ రీడ్-ఓన్లీగా తెరుచుకుంటుంది, తప్పు వర్డ్‌దని అందరూ అనుకుంటారు. మూడోది సర్టిఫికెట్: సర్వర్ తనకు తాను రాసుకున్న సర్టిఫికెట్‌ను బ్రౌజర్‌లో 'అయినా ముందుకెళ్లు' అని దాటేస్తాం, వర్డ్ అంత తేలిగ్గా దాటనివ్వదు.

తాళానికి గడువు పెట్టడం మరవకండి. కరెంటు పోయి మెషీన్ ఆగిపోతే అన్‌లాక్ రిక్వెస్టు రాదు. గడువు లేని తాళమైతే మర్నాడు కూడా ఆ ఫైల్ ఎవరికీ తెరుచుకోదు. గంట గడువిచ్చి, ఎడిటర్ పొడిగించమని అడిగినప్పుడల్లా పొడిగించాలి. అడ్మిన్ చేతితో తాళం విప్పే బటన్ కూడా ఉండాలి. ప్రతి పుట్‌నూ కొత్త వెర్షన్‌గా దాచండి, పాతదాని మీద రాయకండి.

వెబ్‌డావ్‌ను విండోస్‌లో డ్రైవ్ అక్షరంగా తగిలించే పద్ధతిని నేను సమర్థించను. దానికి ఆధారమైన వెబ్‌క్లయింట్ సర్వీస్‌ను మైక్రోసాఫ్ట్ 2023 నవంబర్‌లో విరమణ జాబితాలో చేర్చింది. పైగా మామూలుగా 5 కోట్ల బైట్ల హద్దు ఉంది, విండోస్ సెట్టింగులుండే రిజిస్ట్రీ మారిస్తే తప్ప అంతకు మించిన ఫైల్ దిగదు.

ఆటోక్యాడ్, ఫొటోషాప్, ట్యాలీ ఎగుమతుల వంటి వాటికి ఆఫీస్ స్కీమ్ పనికిరాదు. వీటికి వాడేవారి మెషీన్‌లో ఒక చిన్న సహాయక ప్రోగ్రాం పెట్టక తప్పదు. జీఎస్టీ పోర్టల్‌లో డిజిటల్ సంతకం చేసే అకౌంటెంట్లకు ఇది కొత్త కాదు. అక్కడ ఎమ్‌సైనర్ అదే పని చేస్తుంది, మెషీన్‌లోనే 127.0.0.1 అడ్రస్ (ఆ మెషీన్‌కి తన సొంత అడ్రస్) దగ్గర 1585 పోర్టులో (పిలుపులు వచ్చే ద్వారంలో) కూర్చుని బ్రౌజర్ పిలుపు కోసం వేచి ఉంటుంది. ఫైళ్ల సహాయకుడికి మాత్రం తెరిచి ఉంచిన పోర్టు కన్నా సొంత స్కీమ్ పేరు రిజిస్టర్ చేయడం మేలు. 2019లో మ్యాక్ కంప్యూటర్లలో జూమ్ పెట్టిన లోకల్ సర్వర్‌ను ఏ వెబ్‌సైటైనా పిలిచి మనిషిని మీటింగ్‌లోకి లాగగలిగింది. చివరికి ఆపిల్ స్వయంగా దాన్ని తీసేయాల్సి వచ్చింది. సొంత స్కీమ్ అయినా దానంతట అదే భద్రం కాదు. లింకు నుంచి ఫైల్ అడ్రస్ మొత్తాన్ని తీసుకోకూడదు. ఒక్కసారే చెల్లే కోడ్ తీసుకుని, ముందే రాసిపెట్టిన మీ సర్వర్ పేరుతోనే మాట్లాడాలి.

ఆ ప్రోగ్రాం రాసేవారు తప్పటడుగు వేసేది ఫైల్ మారిందా లేదా అని కనిపెట్టే చోట. చాలా ఎడిటర్లు ఉన్న ఫైల్ మీద రాయవు. పక్కన తాత్కాలిక ఫైల్ రాసి, పాతదాన్ని తప్పించి, కొత్తదానికి పాత పేరు పెడతాయి. అందుకే ఒక్క ఫైల్ మీదే నిఘా పెట్టిన ప్రోగ్రాం మొదటి సేవ్‌తోనే గుడ్డిదైపోతుంది. ఫోల్డర్ మొత్తాన్ని గమనించాలి. మార్పు కనిపించాక రెండు సెకన్లు నిశ్శబ్దంగా ఉందో లేదో చూసి, ఎడిటర్ ఫైల్‌ను వదిలిందని తేలాక, ఎస్‌హెచ్‌ఏ-256 హ్యాష్ (ఫైల్‌లోని బైట్ల నుంచి లెక్కించే వేలిముద్ర లాంటిది) నిజంగా మారితేనే పంపాలి. పంపేటప్పుడు, దించుకున్న నాటి ఈట్యాగ్‌ను (ఆ వెర్షన్‌కి సర్వర్ ఇచ్చిన గుర్తును) ఇఫ్-మ్యాచ్ హెడర్‌లో జతచేయాలి. ఈలోగా వేరేవారు ఫైల్ మార్చి ఉంటే సర్వర్ 412 (షరతు కుదరలేదు) అంటుంది. అప్పుడు రెండో ప్రతిని పక్కన దాచి, మనిషిని అడగాలి. ఆటోక్యాడ్ డ్రాయింగ్‌లైతే ఇంకో మెలిక ఉంది: అవి వేరే డ్రాయింగ్‌లను ఎక్స్‌రెఫ్‌లుగా లాక్కుంటాయి. ఒక్క ఫైల్ దించితే గోడలుంటాయి, స్తంభాల గ్రిడ్ ఉండదు.

ఇవన్నీ ఎందుకు, బ్రౌజర్‌లోనే దిద్దిస్తే పోదా అనేవారి మాటలో బలముంది. కొలాబొరా, ఓన్లీఆఫీస్ వంటివి పెడితే ఫైల్ సర్వర్ దాటి బయటికే రాదు. సామాన్య ఉత్తరాలకూ నోట్ ఫైళ్లకూ నేను మొదట సిఫారసు చేసేదీ ఇదే. అయితే పాత మాక్రోలతో (పట్టికలోనే రాసిపెట్టిన చిన్న ప్రోగ్రాంలతో) నడిచే ఎక్సెల్ పట్టికలు అక్కడ తడబడతాయి. ఓన్లీఆఫీస్‌లో చివరి మనిషి మూసేశాక దాదాపు 10 సెకన్లకు గానీ సేవ్ కబురు రాదు. ఆ కబురుకు మీ సర్వర్ ఎర్రర్ సున్నా (తప్పేమీ లేదు) అని జవాబివ్వకపోతే ఎడిటర్‌లో ఎర్రర్ సందేశం కనిపిస్తుంది.

కొనేవాళ్లు సంతకం పెట్టే ముందు రెండు మెషీన్లు పక్కపక్కన పెట్టించండి. ఒకే ఫైల్‌ను రెండింటిలో తెరిచి, రెండూ సేవ్ చేయించండి. ఆపైన ఒక మెషీన్ నెట్‌వర్క్ కేబుల్ పీకి ఒక వాక్యం దిద్ది సేవ్ కొట్టించండి. కేబుల్ తిరిగి పెట్టాక ఆ వాక్యం ఎక్కడుందో అమ్మేవాళ్లనే చూపించమనండి.